ఎంపీ ఓటు కొసరు కాదు: లోక్‌సభ ఎన్నికలపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఎన్నికలనగానే మన దగ్గర ముందు నలిగేది ఎమ్మెల్యే పేరు. మీ ఎంపీ ఎవరని అడిగితే కాసేపు తడుముకునేవాళ్లు చాలామందే ఉంటారు. ఆంధ్రప్రదేశ్‌లో రెండు ఓట్లూ ఒకే రోజు పడతాయి కాబట్టి పార్లమెంటు ఓటు అసెంబ్లీ ఓటుకి కొసరులా వెళ్లిపోతుంది. తెలంగాణలో విడిగా వస్తాయి కాబట్టి "మొన్ననే కదా వేశాం" అని ఇంట్లో ఉండిపోయేవాళ్లు ఎక్కువ. రాబోయే లోక్‌సభ ఎన్నికల గురించి జనం మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకి జవాబులు ఇవి. వరసగా చదవక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి వెళ్లిపోండి.

వచ్చే లోక్‌సభ ఎన్నికలు ఎప్పుడు?

ఇప్పుడున్నది 18వ లోక్‌సభ. అది మొదటిసారి సమావేశమైంది 2024 జూన్ 24న. రాజ్యాంగం ప్రకారం ఆ రోజు నుంచి ఐదేళ్లే దాని ఆయుష్షు. మధ్యలో రద్దు కాకపోతే 2029 జూన్ 24 లోపు కొత్త సభ రావాలి. కిందటిసారి 2024 ఏప్రిల్ 19 నుంచి జూన్ 1 దాకా ఏడు విడతల్లో పోలింగ్ జరిగింది. రెండు తెలుగు రాష్ట్రాలూ నాలుగో విడతలో, మే 13న ఓటేశాయి. కాబట్టి ఈసారి కూడా మండే ఎండల్లోనే క్యూ కట్టాల్సి రావచ్చు.

అసలు తేదీలు మాత్రం ఎన్నికల సంఘం ఢిల్లీలో ప్రెస్ మీట్ పెట్టి చెప్పేదాకా ఉండవు. వాట్సాప్‌లో తిరిగే "షెడ్యూల్ వచ్చేసింది" టేబుళ్లని పక్కన పడేయండి. ఎన్నిక ఎన్నికకీ అదే టేబుల్ తేదీలు మార్చుకుని వస్తుంటుంది.

జమిలి ఎన్నికలు వచ్చేస్తాయట కదా?

లోక్‌సభకీ అసెంబ్లీలకీ ఒకేసారి ఎన్నికలు పెట్టాలంటూ 129వ రాజ్యాంగ సవరణ బిల్లుని 2024 డిసెంబర్‌లో లోక్‌సభలో ప్రవేశపెట్టారు. దాన్ని సంయుక్త పార్లమెంటరీ సంఘానికి పంపారు. రాజ్యాంగ సవరణ కాబట్టి మామూలు మెజారిటీ సరిపోదు, సభకి హాజరై ఓటేసినవాళ్లలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి. ఆంధ్రప్రదేశ్ వాళ్లకి ఇది కొత్త కాదు, ఎన్నాళ్లుగానో జమిలిగానే ఓటేస్తున్నారు. తెలంగాణలో 2018లో అసెంబ్లీని ముందే రద్దు చేయడంతో రెండు ఎన్నికలూ విడిపోయాయి.

మొత్తం సీట్లెన్ని, మనవెన్ని?

543. అందులో ఆంధ్రప్రదేశ్‌వి 25, తెలంగాణవి 17. ఉమ్మడి రాష్ట్రపు 42 సీట్లే రెండుగా విడిపోయాయి. దేశం మొత్తం మీద 84 సీట్లు ఎస్సీలకి, 47 సీట్లు ఎస్టీలకి రిజర్వు. మన దగ్గర అమలాపురం, బాపట్ల, తిరుపతి, చిత్తూరు, పెద్దపల్లి, నాగర్‌కర్నూల్, వరంగల్ ఎస్సీ స్థానాలు. అరకు, ఆదిలాబాద్, మహబూబాబాద్ ఎస్టీ స్థానాలు.

రెండు రాష్ట్రాల్లోనూ ఒక్కో పార్లమెంటు నియోజకవర్గం కింద ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లు ఉంటాయి. సీట్లన్నీ ఒకే సైజులో ఉంటాయనుకోకండి. దేశంలో ఎక్కువ ఓటర్లున్న నియోజకవర్గం మన మల్కాజిగిరి. 2024లో అక్కడ 37 లక్షలు దాటారు. లక్షద్వీప్‌లో అరవై వేలు కూడా లేరు. ఇద్దరు ఎంపీలకీ సభలో ఉన్నది చెరో ఓటే.

మనం ఎన్నుకునేది ప్రధానమంత్రినేనా?

కాదు. పోస్టర్ మీద ఎవరి బొమ్మ ఉన్నా మిషన్ మీద ఉండేది మీ నియోజకవర్గం అభ్యర్థి పేరే. గెలిచిన ఎంపీల్లో ఎవరికి మెజారిటీ ఉందనుకుంటే వాళ్లని రాష్ట్రపతి పిలుస్తారు. 272 మంది మద్దతు ఉంటే ప్రభుత్వం నిలుస్తుంది.

ప్రధాని అయ్యే నాటికి ఎంపీ అయి ఉండాలన్న నియమం కూడా లేదు. ఆరు నెలల్లోపు ఏదో ఒక సభకి రావాలి, అంతే. పి.వి. నరసింహారావు 1991లో ప్రమాణం చేసినప్పుడు ఏ సభలోనూ సభ్యుడు కాదు. తర్వాత నంద్యాల ఉప ఎన్నికలో నిలబడ్డారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడు కదా అని ఎన్టీఆర్ అక్కడ తెలుగుదేశం అభ్యర్థిని పెట్టలేదు. పీవీ 5 లక్షల 80 వేలకు పైగా మెజారిటీతో గెలిచారు. అదే పీవీ 1984లో హన్మకొండలో బీజేపీ అభ్యర్థి చందుపట్ల జంగారెడ్డి చేతిలో ఓడిపోయిన సంగతి చాలామంది మరిచిపోతుంటారు. ఆ ఏడాది దేశం మొత్తంలో బీజేపీ గెలిచింది రెండే సీట్లు, అందులో ఒకటి అది.

ఎంపీ వల్ల మా ఊరికి ఏం ఒరుగుతుంది?

ఈ ప్రశ్న అడిగేవాళ్ల మనసులో సాధారణంగా డ్రైనేజీ, రేషన్ కార్డు, వీధి దీపం ఉంటాయి. అవి ఎంపీ పనులు కావు. రైల్వే లైను, జాతీయ రహదారి, విమానాశ్రయం, ఆదాయపు పన్ను, జీఎస్టీ, విశాఖ ఉక్కు, విభజన చట్టంలో రాసిన హామీలు, ఇవన్నీ ఢిల్లీలో తేలేవి. అక్కడ మన తరఫున నోరు తెరవాల్సింది ఎంపీ. కేంద్ర బడ్జెట్‌కి చెయ్యెత్తేదీ, రాజ్యాంగాన్ని సవరించేదీ ఆ సభే.

ఎంపీలాడ్స్ (ఎంపీ స్థానిక అభివృద్ధి నిధుల పథకం) కింద ఏడాదికి 5 కోట్ల రూపాయల పనులు సిఫారసు చేసే హక్కు కూడా ఉంటుంది. ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లకి పంచితే ఒక్కోదానికీ 72 లక్షలు దాటవు. కాబట్టి కమ్యూనిటీ హాలు కట్టించారా లేదా అన్నది చూసి ఎంపీని తూచడం నా లెక్కలో పొరపాటు. ఆ తూకం సర్పంచికి సరిపోతుంది.

బరిలో ఉండే పార్టీలేవి?

ప్రస్తుతం గుర్తింపు ఉన్న జాతీయ పార్టీలు ఆరు: బీజేపీ, కాంగ్రెస్, సీపీఎం, బీఎస్పీ, ఆమ్ ఆద్మీ, మేఘాలయకి చెందిన నేషనల్ పీపుల్స్ పార్టీ. 2023 ఏప్రిల్‌లో ఆమ్ ఆద్మీకి జాతీయ హోదా వచ్చింది, సీపీఐ, తృణమూల్, ఎన్సీపీ ఆ హోదా పోగొట్టుకున్నాయి.

2024లో వచ్చిన సీట్లు చూస్తే బలాబలాలు కాస్త అర్థమవుతాయి. బీజేపీకి 240, కాంగ్రెస్‌కి 99, సమాజ్‌వాదీకి 37, తృణమూల్‌కి 29, డీఎంకేకి 22, తెలుగుదేశానికి 16, జేడీయూకి 12. బీఎస్పీ జాతీయ పార్టీయే అయినా ఒక్క సీటూ రాలేదు. 2019లో ఒంటరిగా 303 తెచ్చుకున్న బీజేపీ 2024లో 272కి 32 తక్కువ పడి ఆగింది. ఆ లోటు పూడ్చింది మిత్రపక్షాలు, ముఖ్యంగా తెలుగుదేశం, జేడీయూ. 16 మంది ఎంపీలతో ఒక ప్రాంతీయ పార్టీ ఢిల్లీలో ఎంత బరువు తూగగలదో అప్పుడు తెలిసింది. ఇంకా వెనక్కి వెళితే, 1984లో తెలుగుదేశం 30 సీట్లతో లోక్‌సభలో ప్రధాన ప్రతిపక్షంగా కూర్చుంది. కాంగ్రెస్ విషయానికొస్తే 2014లో 44కీ, 2019లో 52కీ పడిపోయి ప్రతిపక్ష నేత హోదా కూడా దక్కించుకోలేకపోయింది. పదేళ్లు ఖాళీగా ఉన్న ఆ కుర్చీలో 2024లో రాహుల్ గాంధీ కూర్చున్నారు.

ఇక మన రాష్ట్రాలు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వైఎస్సార్‌సీపీ 22, తెలుగుదేశం 3 గెలిచాయి. ఐదేళ్లలో తిరగబడింది: తెలుగుదేశం 16, వైఎస్సార్‌సీపీ 4, బీజేపీ 3, జనసేన 2. తెలంగాణలో 2019లో టీఆర్ఎస్‌కి 9, బీజేపీకి 4, కాంగ్రెస్‌కి 3, మజ్లిస్‌కి 1. 2024లో బీజేపీకి 8, కాంగ్రెస్‌కి 8, మజ్లిస్‌కి హైదరాబాద్. పేరు మార్చుకుని బీఆర్ఎస్ అయిన పార్టీకి సున్నా. ఫలితాలకి ఆరు నెలల ముందు వరకూ రాష్ట్రాన్ని ఏలిన పార్టీ అది. కూటముల లెక్క చెబుతూ ఓటడిగే కాలంలో, ఎన్డీయేలోనూ ఇండియా కూటమిలోనూ లేని వైఎస్సార్‌సీపీ, బీఆర్ఎస్, మజ్లిస్ లాంటి పార్టీలకి ఈ ఎన్నిక ఎప్పుడూ కాస్త కష్టమే.

నా పార్టీ గుర్తు మిషన్ మీద కనబడలేదు. ఎందుకు?

పొత్తు వల్ల. పొత్తులో సీట్లు పంచుకుంటారు కాబట్టి మీ నియోజకవర్గం మిత్రపక్షానికి వెళ్లి ఉంటుంది. 2024లో ఆంధ్రప్రదేశ్‌లోని 25 లోక్‌సభ స్థానాల్లో తెలుగుదేశం 17, బీజేపీ 6, జనసేన 2 చోట్ల పోటీ చేశాయి. అంటే అసెంబ్లీ మిషన్ మీద సైకిల్, పార్లమెంటు మిషన్ మీద కమలం ఉన్న ఊళ్లున్నాయి. సైకిల్ కోసం వెతికి వెతికి దొరక్క తోచింది నొక్కి వచ్చామని చెప్పినవాళ్లు నాకు తెలుసు. బూత్‌కి వెళ్లే ముందు రోజే రెండు పేర్లూ రెండు గుర్తులూ కాగితం మీద రాసుకుని చూసుకోండి.

గుర్తులు ఎలా ఇస్తారు? ఒకేలా ఉంటే ఏం చేయాలి?

గుర్తింపు పొందిన పార్టీల గుర్తు ఆ పార్టీకే రిజర్వు అయి ఉంటుంది. కమలం, హస్తం దేశమంతటా, ఏనుగు అస్సాంలో తప్ప అంతటా. సైకిల్, ఫ్యాను ఆంధ్రప్రదేశ్‌లో, కారు, గాలిపటం తెలంగాణలో. రిజిస్టర్ అయినా గుర్తింపు లేని పార్టీలూ, స్వతంత్రులూ మిగిలిన 'ఫ్రీ సింబల్స్' నుంచి తీసుకోవాలి.

చిక్కంతా అక్కడే. 2019లో భువనగిరిలో టీఆర్ఎస్ ఐదు వేల పైచిలుకు ఓట్ల తేడాతో ఓడింది. అక్కడ రోడ్డు రోలర్ గుర్తుకి 27 వేలకు పైగా పడ్డాయి. అవి మా కారు ఓట్లే, జనం పొరబడ్డారని ఆ పార్టీ మొత్తుకుంది. జనసేనకి 2024లో ఇంకా గుర్తింపు లేదు, అందుకే ఆ పార్టీ నిలబడని కొన్ని చోట్ల గాజు గ్లాసు స్వతంత్రులకి వెళ్లి పెద్ద గొడవైంది, కోర్టు దాకా పోయింది. ఆ ఎన్నికల ఫలితాలతో గుర్తింపు వచ్చి, 2025 జనవరి నుంచి గ్లాసు జనసేనకి రిజర్వయింది.

2015 నుంచి మిషన్ మీద అభ్యర్థి ఫొటో కూడా ఉంటోంది. గుర్తుతో పాటు ముఖం కూడా చూసి నొక్కితే రోలర్, కారు తికమక ఉండదు.

పేరు వరస ఎలా ఉంటుంది?

ముందు గుర్తింపు పొందిన పార్టీల అభ్యర్థులు, తర్వాత గుర్తింపు లేని రిజిస్టర్డ్ పార్టీలవాళ్లు, చివర స్వతంత్రులు. ప్రతి గుంపులోనూ అక్షర క్రమం. అందరికన్నా కింద నోటా. అధికార పార్టీకి ఒకటో నంబరు ఇస్తారన్నది అపోహ.

ఎవరైనా పోటీ చేయొచ్చా?

పాతికేళ్లు నిండి, దేశంలో ఎక్కడో ఒకచోట ఓటరుగా ఉంటే చేయొచ్చు. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థిని ఒక ఓటరు ప్రతిపాదిస్తే చాలు, మిగతావాళ్లకి పదిమంది కావాలి. పార్టీ టికెట్ అంటే చివరికి బి ఫారమే. నామినేషన్ల ఆఖరి రోజు మధ్యాహ్నం మూడింటి లోపు అది రిటర్నింగ్ అధికారి చేతిలో పడకపోతే ఎంత పెద్ద నాయకుడైనా స్వతంత్రుడే.

డిపాజిట్ 25 వేలు, ఎస్సీ ఎస్టీలకి అందులో సగం. పోలై చెల్లిన ఓట్లలో ఆరో వంతుకి మించి రాకపోతే గల్లంతు. ఈ డిపాజిట్ పెరగడం వెనక నల్లగొండ కథ ఉంది. 1996లో తమ ఫ్లోరైడ్ నీళ్ల గోస దేశానికి తెలియాలని జనం గుంపులుగా నామినేషన్లు వేశారు. 480 మంది బరిలో నిలిచారు, బ్యాలెట్ పేపర్ ఒక పుస్తకమైంది. అప్పటికి డిపాజిట్ 500 రూపాయలే. ఆ ఏడాదే దాన్ని 10 వేలు చేశారు. అయినా నిరసన ఆగలేదు. 2019లో నిజామాబాద్‌లో పసుపు, ఎర్రజొన్న రైతులు నామినేషన్లు వేయడంతో అభ్యర్థులు 185కి చేరారు. ఒక్కో బూత్‌లో పన్నెండేసి బ్యాలెట్ యూనిట్లు పెట్టాల్సి వచ్చింది.

అభ్యర్థి ఎంత ఖర్చు పెట్టొచ్చు?

మన రాష్ట్రాల్లో 2024 ఎన్నికలకి ఉన్న పరిమితి లోక్‌సభ అభ్యర్థికి 95 లక్షలు. ఇది అభ్యర్థికే, పార్టీ ఖర్చుకి పరిమితి లేదు. ఇంకేం చెప్పమంటారు.

కేసులున్నవాళ్లని ఎలా తెలుసుకోవాలి? జైల్లో ఉన్నవాళ్లు ఎలా గెలుస్తున్నారు?

ప్రతి అభ్యర్థీ నామినేషన్‌తో పాటు ఫారం 26 అఫిడవిట్ ఇవ్వాలి. అందులో కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు, భార్య లేదా భర్త ఆస్తులు అన్నీ ఉంటాయి. ఎన్నికల సంఘం సైట్లో ఎవరైనా చూడొచ్చు. మనలో ఎంతమందిమి చూస్తామన్నది వేరే మాట. కేసులున్నవాళ్లు ఆ వివరాలని పత్రికల్లో, టీవీల్లో మూడుసార్లు ప్రకటించుకోవాలి కూడా.

కేసు ఉన్నంత మాత్రాన అనర్హత రాదు. రెండేళ్లు, అంతకు మించి శిక్ష పడితే వస్తుంది. శిక్షా కాలం, ఆ తర్వాత ఆరేళ్లు పోటీకి వీల్లేదు. విచిత్రమేమిటంటే జైల్లో ఉన్న మనిషికి ఓటు వేసే హక్కు లేదు కానీ, శిక్ష పడనంత వరకు పోటీ చేసే హక్కు ఉంది. 2024లో ఖడూర్ సాహిబ్‌లో అమృత్‌పాల్ సింగ్, బారాముల్లాలో ఇంజినీర్ రషీద్ జైల్లోంచే గెలిచారు.

కొత్తగా ఓటు ఎలా నమోదు చేసుకోవాలి?

ఫారం 6. ఆన్‌లైన్లో ఎన్నికల సంఘం పోర్టల్లో నింపొచ్చు, లేదా మీ బీఎల్‌వోకి (బూత్ స్థాయి అధికారికి) ఇవ్వొచ్చు. 18 నిండాలి. ఇదివరకు జనవరి 1 ఒక్కటే లెక్క. ఇప్పుడు జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబర్ 1, నాలుగు తేదీలున్నాయి. 17 దాటినవాళ్లు ముందే దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ఇల్లు మారినా, పేరులో తప్పున్నా ఫారం 8. ఫారం 7 అంటే తొలగింపు, పొరపాటున కూడా అది నింపకండి. నామినేషన్ల గడువు ముగిశాక జాబితాలో కొత్త పేరు ఎక్కదు. దరఖాస్తు విచారణకి టైం పడుతుంది కాబట్టి నోటిఫికేషన్ వచ్చాక ఆలోచిద్దామనుకుంటే ఆలస్యమైపోయినట్టే.

హైదరాబాద్‌లో ఉంటున్నాం, ఊళ్లోనూ పేరుంది. రెండు చోట్లా ఉంచుకోవచ్చా?

ఉంచుకోకూడదు. ఇది అడిగేవాళ్లు వేలల్లో ఉంటారు, సమాధానం ఎవరికీ నచ్చదు. మామూలుగా నివాసం ఉండే చోట ఒక్కచోటే ఓటు ఉండాలి. దరఖాస్తులో అబద్ధపు ప్రకటన ఇస్తే ఏడాది వరకు జైలు శిక్ష పడవచ్చు. సొంతిల్లు ఊళ్లో ఉంది కదా అంటే కుదరదు, ఆస్తి ఉన్నంత మాత్రాన అక్కడ నివాసం ఉన్నట్టు కాదని చట్టమే చెబుతోంది.

2024 మే 13కి ముందు హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే హైవే ఎలా కిక్కిరిసిందో గుర్తుందిగా. అంత ప్రయాణం చేసి ఊళ్లో ఓటేసే మమకారాన్ని తప్పు పట్టను. కానీ ఆ రోజు ఆంధ్రప్రదేశ్‌లో పోలింగ్ 80 శాతం దాటింది, హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో సగం కూడా పడలేదు. ఎక్కడ పిల్లల బడి, నీళ్ల బిల్లు, ట్రాఫిక్ ఉన్నాయో అక్కడ ఓటు ఉంటే మంచిదని నా అభిప్రాయం. హాస్టల్లో చదివే పిల్లలు మాత్రం ఇంటి దగ్గరా, హాస్టల్ దగ్గరా, రెంటిలో ఒకటి ఎంచుకోవచ్చు.

'సర్' అంటున్నారు. మా పేర్లు పోతాయా?

అది ఓటర్ల జాబితా ప్రత్యేక సమగ్ర సవరణ. 2025లో బిహార్‌తో మొదలుపెట్టి విడతలవారీగా ఇతర రాష్ట్రాలకి తీసుకెళ్లారు. బిహార్ ముసాయిదా జాబితాలో సుమారు 65 లక్షల పేర్లు లేకుండా పోయాయి. చనిపోయినవాళ్లు, వలస వెళ్లినవాళ్లు, డూప్లికేట్లు అని ఎన్నికల సంఘం అంది, బతికున్నవాళ్ల పేర్లూ పోయాయని ప్రతిపక్షాలు సుప్రీంకోర్టుకెళ్లాయి.

ముసాయిదా జాబితా వచ్చిన రోజే పేరు వెతుక్కోండి. మీది మాత్రమే కాదు, ఇంట్లో పెద్దవాళ్లదీ, ఉద్యోగానికి బయట ఉన్న పిల్లలదీ. తీసేస్తే 15 రోజుల్లో జిల్లా ఎన్నికల అధికారికి అప్పీలు చేయొచ్చు, అక్కడా కాకపోతే 30 రోజుల్లో రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి. 1950కి ఫోన్ చేస్తే దారి చెబుతారు. పోలింగ్ రోజు బూత్ దగ్గర ఎంత అరిచినా పేరు ఎక్కించే అధికారం అక్కడ ఎవరికీ లేదు.

అమెరికాలో ఉన్న మా అబ్బాయి అక్కడి నుంచే ఓటేయొచ్చా?

వేయలేడు. భారత పౌరసత్వం ఉంటే ఫారం 6ఏతో పాస్‌పోర్టులోని చిరునామా మీద నమోదు చేసుకోవచ్చు, కానీ ఓటుకి స్వయంగా రావాలి, పాస్‌పోర్టు చూపించాలి. గ్రీన్ కార్డు ఉన్నా ఫరవాలేదు. సిటిజన్‌షిప్ వస్తే ఓటు పోయినట్టే.

ఓటరు కార్డు పోయింది. ఓటు కూడా పోయినట్టేనా?

జాబితాలో పేరుంటే చాలు. ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్స్, పాస్‌పోర్టు, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫొటో ఉన్న బ్యాంకు పాస్‌బుక్, వీటిలో ఏదైనా చూపించొచ్చు. ఇంటికి పంచే ఓటరు స్లిప్ ఒక్కటే పట్టుకెళితే కుదరదు. పోతే, కార్డు ఉండి జాబితాలో పేరు లేకపోతే ఓటు లేదు. జనం తరచూ తిరగేసి అర్థం చేసుకునేది దీన్నే.

నాన్నగారికి 87 ఏళ్లు, మంచం మీదున్నారు. ఇంటికి వస్తారా?

వస్తారు. 2024లో 85 ఏళ్లు దాటినవాళ్లకీ, 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవాళ్లకీ ఈ సౌకర్యం ఇచ్చారు. నోటిఫికేషన్ వచ్చిన ఐదు రోజుల్లోపు ఫారం 12డి ఇవ్వాలి. ఆ తర్వాత పోలింగ్ సిబ్బంది ఇంటికొచ్చి రహస్యంగా ఓటు వేయిస్తారు, వీడియో తీస్తారు. ఒకసారి దీనికి ఒప్పుకున్నాక బూత్‌కి వెళ్లి వేస్తామంటే కుదరదు.

బూత్‌లో రెండు మిషన్లుంటే ఏది దేనికి?

కాగితం రంగు చూడండి. పార్లమెంటుది తెలుపు, అసెంబ్లీది గులాబీ. రెండు చోట్లా బటన్ నొక్కి, రెండు బీప్‌లూ వినండి. ఒక బీప్ వినగానే పని అయిపోయిందని బయటికొచ్చేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఎమ్మెల్యేకి ఒకరికి, ఎంపీకి ఇంకొకరికి వేయడం, అంటే మనం క్రాస్ ఓటింగ్ అనేది, పూర్తిగా మీ ఇష్టం. పార్టీలు భయపడేంత తప్పేమీ అందులో లేదు.

టైం అయిపోయే వేళకి క్యూలో ఉన్నవాళ్లందరికీ స్లిప్పులిస్తారు, ఎంత రాత్రయినా ఓటు వేయనివ్వాలి. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని బూత్‌లలో అర్ధరాత్రి దాటాక కూడా పోలింగ్ సాగింది.

నా ఓటు ఎవరో వేసేశారు. ఇంటికెళ్లిపోవడమేనా?

వెళ్లొద్దు. మీరు మీరేనని గుర్తింపు చూపించి టెండర్డ్ ఓటు అడగండి. మిషన్ మీద కాకుండా కాగితం బ్యాలెట్ ఇచ్చి, దాన్ని కవర్లో విడిగా దాస్తారు. మామూలు లెక్కింపులో అది కలవదు, కోర్టు అడిగితే బయటికొస్తుంది. అయినా అడగాలి. దొంగ ఓటు పడిందనడానికి మిగిలే రుజువు అదే.

ఈవీఎంని నమ్మొచ్చా?

ఓడినవాళ్లు అనుమానించడం, గెలిచినవాళ్లు మెచ్చుకోవడం మనకి అలవాటే, పార్టీలు మారినా డైలాగులు మారవు. జరిగేది ఇది. పోలింగ్‌కి ముందు ఏజెంట్ల ఎదురుగా కనీసం 50 ఓట్లతో మాక్ పోల్ చేసి, అవి చెరిపేసి సీల్ వేస్తారు. మీరు బటన్ నొక్కాక వీవీప్యాట్ కిటికీలో ఏడు సెకన్లు స్లిప్ కనబడుతుంది. ఆ ఏడు సెకన్లూ చూపు అక్కడే పెట్టండి. తప్పు గుర్తు వచ్చిందంటే అక్కడికక్కడే ప్రిసైడింగ్ అధికారికి చెప్పి, రాతపూర్వకంగా ఇచ్చి టెస్ట్ ఓటు అడగొచ్చు. మీ మాట తప్పని తేలితే కేసవుతుంది. సాయంత్రం పోలైన ఓట్ల లెక్కని ఫారం 17సిలో రాసి ఏజెంట్లకిస్తారు. లెక్కింపు రోజు ఒక్కో అసెంబ్లీ సెగ్మెంట్‌లో ఐదు బూత్‌ల స్లిప్పులని మిషన్ లెక్కతో పోల్చి చూస్తారు. అన్ని స్లిప్పులూ లెక్కపెట్టాలన్న పిటిషన్లని 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. నన్నడిగితే పార్టీలు 17సి కాగితాలని దాచుకుని సరిచూసుకునే ఏజెంట్లని ప్రతి బూత్‌లో కూర్చోబెట్టడం మీద పెట్టాల్సిన శ్రద్ధ, ప్రెస్ మీట్ల మీద పెడుతున్నాయి.

నోటాకి ఎక్కువ ఓట్లొస్తే మళ్లీ ఎన్నికా?

కాదు. నోటా తర్వాత ఎవరికి ఎక్కువొస్తే వాళ్లే గెలుస్తారు. 2024లో ఇందోర్‌లో కాంగ్రెస్ అభ్యర్థి తప్పుకోవడంతో నోటాకి 2 లక్షల 18 వేలకు పైగా పడ్డాయి, ఫలితం మారలేదు. అదే ఎన్నికల్లో సూరత్‌లో కాంగ్రెస్ నామినేషన్ చెల్లక, మిగతావాళ్లు విరమించుకుని బీజేపీ అభ్యర్థి ఏకగ్రీవమయ్యారు. అక్కడ నోటా నొక్కే అవకాశం కూడా ఎవరికీ రాలేదు.

డబ్బు తీసుకుని నచ్చినవాళ్లకే వేస్తే తప్పేంటి?

చట్టం ముందు ఇచ్చినవాళ్లూ పుచ్చుకున్నవాళ్లూ ఇద్దరూ నేరస్తులే, ఏడాది వరకు జైలు పడొచ్చు. 2019లో తమిళనాడులోని వేలూరులో డబ్బు పట్టుబడి మొత్తం ఎన్నికే రద్దయింది, మళ్లీ ఆగస్టులో పెట్టారు. పంచుతుంటే సీ విజిల్ యాప్‌లో ఫొటోనో వీడియోనో పెట్టొచ్చు, మీ పేరు చెప్పక్కర్లేదు, వంద నిమిషాల్లో తేల్చాలన్నది వాళ్ల లెక్క.

మరో సంగతి. ఎన్నికల కోడ్ ఉన్నప్పుడు 50 వేలకి మించి నగదు తీసుకెళితే ఆధారాలు దగ్గర పెట్టుకోండి. పెళ్లి పత్రిక, బ్యాంకు విత్‌డ్రా రసీదు, ధాన్యం అమ్మిన బిల్లు, ఏదో ఒకటి. పట్టుకుంటే జిల్లా కమిటీ దగ్గర చూపించి విడిపించుకోవచ్చు, కానీ ఆ తిరుగుడు పెళ్లివారికి ఎంత టెన్షనో చెప్పలేం.

ఒక్క ఓటుతో ఏమవుతుంది?

1989లో అనకాపల్లిలో కొణతాల రామకృష్ణ లోక్‌సభకి గెలిచింది 9 ఓట్ల తేడాతో. 1999లో వాజ్‌పేయి ప్రభుత్వం లోక్‌సభలో పడిపోయింది ఒక్క ఓటుతో, 269కి 270. ఓట్లు సమానమైతే చీటీ తీస్తారు.

మహిళా రిజర్వేషన్ సంగతేంటి?

లోక్‌సభలో, అసెంబ్లీల్లో మూడో వంతు సీట్లు మహిళలకి ఇవ్వాలని 2023లో 106వ సవరణ చేశారు. అయితే జనగణన జరిగి, దాని ఆధారంగా సీట్ల పునర్విభజన అయ్యాకే అమలు అని అందులోనే మెలిక పెట్టారు. ఆ పునర్విభజనే దక్షిణాదికి గుబులు. రాష్ట్రాలకి సీట్ల సంఖ్య 1971 జనాభా లెక్కల మీద ఆగి ఉంది. కుటుంబ నియంత్రణ పాటించిన రాష్ట్రాలు కొత్త లెక్కల్లో వాటా కోల్పోతాయన్నది ఇక్కడి వాదన, మనిషికి ఒకే విలువ ఉండాలి కదా అన్నది ఉత్తరాది వాదన. రెండింటిలోనూ న్యాయం ఉంది, అందుకే తెగడం లేదు. ప్రచారానికి వచ్చే ప్రతి ఎంపీ అభ్యర్థినీ దీని మీద మీ మాటేమిటని అడగండి. 2024లో గెలిచిన 543 మందిలో మహిళలు 74 మందే.

గెలిచాక మా ఎంపీ ఏం చేస్తున్నారో ఎక్కడ చూడాలి?

పార్లమెంటు వెబ్‌సైట్లో సభ్యుల పేరు మీద నొక్కితే వాళ్లు అడిగిన ప్రశ్నలు, వాటికి మంత్రులిచ్చిన జవాబులు, చర్చల్లో మాట్లాడిన మాటలు వస్తాయి. సభ నడిచే రోజుల్లో సంసద్ టీవీలో ప్రత్యక్షంగా చూడొచ్చు. నక్షత్ర గుర్తు ప్రశ్నలు రోజుకి 20, వాటికి మంత్రి లేచి నిలబడి జవాబు చెప్పాలి, ఎంపీ అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. మిగతా 230కి రాతలో జవాబొస్తుంది. మీ ఊరి రైల్వే గేటు మీద వంతెన గురించి మీ ఎంపీ ఎప్పుడైనా అడిగారా అని వెతికి చూడండి, పది నిమిషాల పని.